ఎట్టు అంటే ఎనిమిదంట

పుదుచ్చేరి ఒర్లియంపేటలో సీతాపతి ఇల్లు కనుక్కోవడం కష్టమేమీ కాదు. సందు మొదట్లో నిలబడి "నంబర్ సీతాపతి ఇల్లు ఏది?" అంటే చాలు. అడిగినవాణ్ణి ఒకసారి ఎగాదిగా చూసి, వీడూ తయారయ్యాడు అనుకుని, చెయ్యెత్తి చూపిస్తారు. లోపల ఒక నడవ, నడవలో అతని ముసలి తల్లి మంచం, మంచానికి ఎదురుగా గోడ. ఆ ఇంటికి వచ్చేవాళ్లు చూడ్డానికి వచ్చేది ఆ గోడనే. నేల దగ్గరనుంచి మనిషి చెయ్యి అందేంత ఎత్తు దాకా బొగ్గుతో, ఎర్ర పెన్సిలుతో అంకెలు, అంకెల మధ్య గీతలు, కొన్నిటి చుట్టూ గుండ్రాలు, ఇంకొన్నిటి మీద కొట్టివేతలు. ఏ రోజు ఏ లాటరీ ఆటలో ఏ నంబరు పడిందో సీతాపతి రాసిపెట్టిన చరిత్ర అది. తన పెళ్లి ఏ నెలలో జరిగిందంటే తల గోక్కునే మనిషి, పోయిన ఆడి నెలలో, అంటే తమిళుల ఆషాఢంలో, మొదటి శుక్రవారం పొద్దుటాట ఏం పడిందంటే మాత్రం తడుముకోకుండా వేలు పెట్టి చూపిస్తాడు.

వసంతకుమారి కాపురానికి వచ్చినప్పుడు ఆ గోడ తెల్లగా ఉండేది. దాని మీద ఏ దేవుడి పటం తగిలిద్దామా అని ఆలోచించింది కూడా. ఆ సంగతి గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సీతాపతి చెడ్డవాడని ఎవరూ అనరు. చెడ్డవాడు కావడానికి కూడా కాస్త చొరవ కావాలి, అది అతనికి లేదు. తాగడు, చెయ్యెత్తడు, గొంతు పెంచడు. పెట్టింది తింటాడు, పరిచిన చోట పడుకుంటాడు. పిల్లల్లేరు. ఎవరైనా జాలిపడితే వసంతకుమారి, "ఉండాడు కదా ఒకడు, చాల్లే" అనేది.

వాళ్ల ముత్తాతల ముత్తాతలు ఎప్పుడో తెలుగు సీమనుంచి వచ్చి పుదుచ్చేరి బజారులో కొట్లు పెట్టుకున్న వ్యాపారస్తులు. ఆ కొట్లలో మిగిలింది ఒక్కటే, పసుపు, కుంకుమ, కర్పూరం, సాంబ్రాణి అమ్మే ఒక ఇరుకు కొట్టు. తెలుగులో మిగిలింది కూడా అంతంతే. ఇంట్లో మాట్లాడుకోవడానికి పనికొస్తుంది, చదవడం రాయడం ఎవరికీ రాదు. గడప దాటితే తమిళం. ఏ మాట ఇంటిదో ఏ మాట వీధిదో వాళ్లకే తెలియనంతగా రెండూ కలిసిపోయాయి. మనం "ఎలా" అనే చోట వాళ్లు "ఎట్టు" అంటారు. ఎట్టు పోయేది, ఎట్టు చేసేది, ఎట్టుండావు.

ఈ చివరి మాట సీతాపతి తల్లి కమలమ్మాళ్‌ది. కొడుకు సాయంకాలం గడప దగ్గర చెప్పులు విడుస్తుండగానే మంచం మీదనుంచి "ఎట్టుండావు నాయినా?" అని అడిగేది. పొద్దున ఆ ఇంట్లోంచి పోయినవాడే, దేశాలు తిరిగి వచ్చినవాడేం కాదు, అయినా అడిగేది. సీతాపతి ఏనాడూ జవాబు చెప్పలేదు. "కాపి ఉండాదా?" అని వంటింటి వైపు కేకేసేవాడు. వసంతకుమారి కాపి కలుపుతూ, ఆ ముసలిదానికి ఒక్క మాట చెప్తే ఈయన నోటి ముత్యాలు రాలిపోతాయా అనుకునేది.

అప్పటికి సీతాపతి ఊరి అంచున మేట్టుపాళయంలో ప్లాస్టిక్ బకెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో గోడౌన్ చూసుకునేవాడు. సైకిల్ మీద పోయేవాడు, సైకిల్ మీద వచ్చేవాడు. కొట్టు కమలమ్మాళ్, కోడలు కలిసి నడిపేవాళ్లు. రోజులు సాఫీగానే పోయేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒంటి నంబరు లాటరీ వచ్చి ఊరిని పట్టి ఊపింది. సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె ఉన్న టికెట్ కొనుక్కోవడం, ఆట పడేదాకా ఎండలో నిలబడటం, పడ్డాక మొహం వేలాడేసుకుని ఇంకో టికెట్ కొనడం. ఎక్కడో ఏ ఊళ్లోనో ఎవరో చక్రం తిప్పేవాళ్లు. ఫోనులో అంకె వచ్చేది. పాత బస్టాండు దగ్గర టికెట్ల కొట్టు పెట్టుకున్న మారిముత్తు దాన్ని పలక మీద సుద్దతో రాసి పైకి ఎత్తేవాడు. పలక చూసి గుంపంతా ఒక్కసారి ఉసూరుమనేది. ఆ ఉసూరు మీద మారిముత్తు రెండంతస్తుల ఇల్లు కట్టాడు.

సీతాపతి కూడా ఆ గుంపులో చేరాడు. పెట్టిన డబ్బు వరసగా పోయింది. ఒకనాటి సాయంకాలం ఇంటికొచ్చి కాపి కూడా అడక్కుండా గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. కమలమ్మాళ్ కాసేపు ఓర్చుకుంది. చివరికి ఆమెకు చిర్రెత్తింది.

"ఏడు! బాగా ఏడు! మగోడు గోడకానుకొని ఏడిస్తే కూడు వస్తాదంటే నువ్వు ఏడు!"

తల్లి తిట్టిన తిట్టు కొడుక్కి తిట్టులా వినపడలేదు. కళ్లు తుడుచుకున్నాడు. "ఏందిమా అంటివి? ఏడా?" అన్నాడు. మర్నాడు పొద్దున చేతిలో ఉన్నదంతా ఏడు మీద పెట్టాడు. ఖర్మ కాకపోతే ఏడే పడింది.

ఆ రోజు ఓడిపోయి ఉంటే సీతాపతి ఇవాళ్టికీ మేట్టుపాళయంలో బకెట్లు చూసుకుంటూ ఉండేవాడు. గెలిచాడు, చెడ్డాడు. వచ్చినదాంతో భార్యకు ఒక చీర, తల్లికి ఒక దుప్పటి, తనకు ఎర్ర పెన్సిళ్ల డబ్బా కొన్నాడు. వారం తిరక్కుండా ఉద్యోగం మానేశాడు. గోడ మీద మొదటి అంకె రాసింది ఆ వారంలోనే.

ఇక చూడాలి అతని పాండిత్యం. అతని లెక్కలో అంకెలు అంకెలు కావు, మనుషులు. మూడు పిరికిది, ఆరును తోడు తెచ్చుకోనిదే రాదు. నాలుగు అలిగింది, పౌర్ణమి దాటితే గానీ మొహం చూపించదు. తొమ్మిది ఆకలి మీదుంది, ఈ వారం తప్పకుండా వచ్చి పడుతుంది. కట్టుకున్న పెళ్లాం పొద్దున తిన్నదో లేదో తెలియనివాడికి తొమ్మిది ఆకలి తెలిసింది. వసంతకుమారి ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"ఏమయ్యా, ఆ చక్రం తిప్పేవోడికి నువ్వు ఎవరో తెలుసునా? నిన్న యాడ నిలిచినామని ఆ చక్రానికేమన్నా గ్యాపకముంటాదా?"

"నీకు చెప్తే అర్థం కాదు వసంతా. దీంట్లో ఒక దారి ఉండాది. పట్టినోడికి తెలుస్తాది."

"పట్టినావు కదా. తెలిసిందా?"

"వస్తా ఉండాది" అన్నాడు సీతాపతి, గోడ మీంచి కళ్లు తిప్పకుండా.

దారి సంగతేమో గానీ జనం వచ్చారు. ఏడు పడిన కథ మారిముత్తు తన కొట్టు దగ్గర పదిమందికి చెప్పాడు. చెప్పక ఏం చేస్తాడు, టికెట్లు అమ్ముకోవాలి కదా. సీతాపతి నోట నంబరు వినడానికి ఆటోవాళ్లు, కూరగాయలవాళ్లు, విల్లియనూరు బస్సు దిగిన రైతులు, ఇంట్లో దేవుడి హుండీ పగలగొట్టుకొచ్చిన ఆడవాళ్లు సందులో నిలబడేవాళ్లు. వాళ్లలో పెద్దమనిషి లోకనాథన్. ఏదో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన ఆయన. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. జీవితమంతా ఇతరుల అర్జీల్లో తప్పులు పట్టినవాడు సీతాపతి గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు.

సీతాపతి చెప్పిన నంబరు పడకపోతే గోల జరుగుతుందేమో అనుకుంటారు. అదేం లేదు. దానికీ ఒక ఉపాయం కనిపెట్టి ఉంచాడు. ప్రతి నంబరుకూ ఒక జోడీ ఉందన్నాడు. ఏడుకు రెండు జోడీ, ఎనిమిదికి మూడు జోడీ. అతను ఏడు చెప్పి రెండు పడితే, చెప్పింది పడినట్టే, కొన్నవాడే జోడీ చూసుకోలేదు. రెండింట్లో ఏదీ పడకపోతే అతను చెప్పింది ఆ ఆటకు కాదు, తర్వాతి ఆటకు. దానికీ పడకపోతే అడిగినవాడు ఎడమ కాలు ముందు పెట్టి ఇంట్లోకి వచ్చాడు. ఇలా మాట తప్పే వీలే లేని మహానుభావుడు అయిపోయాడు సీతాపతి. అతనికంటే తీసికట్టు ఆ వినేవాళ్లు. చేతులు కాలినవాడు పొయ్యిని తిట్టాలి గానీ, పొయ్యికి దణ్ణం పెట్టి మళ్లీ చెయ్యి పెడితే ఏమనాలి? వసంతకుమారి కొట్టు తాళం తీసుకుని బజారుకు పోయేది. ఇల్లు నడిచింది ఆ పసుపు కుంకుమల మీదే. ఆ సంగతి గోడ మీద ఎక్కడా రాసిలేదు.

అలా ఉండగా ఒక తెల్లవారుజామున కమలమ్మాళ్ నీళ్ల చెంబు అందుకోబోయి పడిపోయింది. ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని, కుడి పక్క చచ్చుబడిపోయిందని, మాట పోయిందని, వస్తే ఒకటో రెండో మాటలు రావచ్చని చెప్పి పంపించేశారు. మళ్లీ అదే నడవలో అదే మంచం మీద పడుకోబెట్టారు. వసంతకుమారి ఆమెను కడిగేది, గంజి పోసేది, పక్క మార్చేది, ఆ తర్వాతే కొట్టుకు పోయేది. మధ్యలో ఒకసారి వచ్చి చూసుకునేది. సీతాపతి ఇంట్లోనే ఉండేవాడు గనక తల్లి దగ్గర ఒక మనిషి ఉన్నట్టే లెక్క. లెక్కల్లో అతను గట్టివాడే కదా.

ఒక సాయంకాలం సీతాపతి మారిముత్తు కొట్టునుంచి వచ్చి గడప దగ్గర చెప్పులు విడుస్తున్నాడు. వంటింట్లో వసంతకుమారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నడవలోంచి ఒక గొంతు వచ్చింది. బొంగురుగా, పళ్ల మధ్యనుంచి ఈడ్చుకొచ్చినట్టుగా ఉంది ఆ గొంతు.

"ఎట్టు…"

పరుగున వచ్చి చూసింది. కమలమ్మాళ్ కళ్లు కొడుకు మీద ఉన్నాయి. పెదవి ఒక పక్కకు జారి, మాట అక్కడే తెగిపోయింది. మిగిలిన సగం కోసం పెదవులు వెతుక్కుంటున్నాయి, దొరకడం లేదు. మళ్లీ అంది. "ఎట్టు…"

వసంతకుమారికి కళ్లు చెమ్మగిల్లాయి. ఆ ఇంట్లో ఎన్ని సాయంకాలాలు విన్న మాట! దేవుడు అన్ని మాటలూ పట్టుకుపోయి ఈ ఒక్కటి వదిలాడు అనుకుంది. ఇప్పుడైనా ఈయన జవాబు చెప్తాడని ఆశగా చూసింది.

సీతాపతి ఒక చెప్పు విడిచి ఒక చెప్పుతో అలాగే నిలబడ్డాడు. అతని కళ్లలో వెలుగు వచ్చింది. ఆ వెలుగు వసంతకుమారికి తెలుసు, ఎర్ర పెన్సిల్ పట్టుకున్నప్పుడు వచ్చేది.

"ఎట్టు" అన్నాడు మెల్లగా. "ఎనిమిది!"

విడిచిన చెప్పు మళ్లీ తొడుక్కుని పరుగెత్తాడు.

తమిళంలో ఎనిమిదిని ఎట్టు అంటారు. పుదుచ్చేరిలో ఎవరికైనా తెలుసు. కానీ తల్లి తమిళంలో కొడుకును ఎప్పుడు పలకరించింది? ఊయల్లో పడుకున్నప్పటినుంచీ ఆ మాట విన్న చెవులవి. తల్లి భాష ఆ చెవుల్లోకి పోయి లాటరీ భాషగా మారిపోయిందంటే ఆ మధ్యలో ఉన్న బుర్రను ఏమనాలో వసంతకుమారికి తోచలేదు. పళ్లు కొరుకుతూ అత్త పెదవులు తుడిచింది.

అనకూడదు గానీ, ఆ రోజు రాత్రి ఆటలో ఎనిమిదే పడింది.

తర్వాత జరిగింది చెప్పాలంటేనే రోత. మర్నాటికి సందు నిండిపోయింది. కమలమ్మాళ్ మంచం కాళ్లకు ఎవరో పసుపు రాశారు. ఇంకెవరో నిమ్మకాయలు పెట్టారు. కదల్లేని మనిషి మొహం మీదకు వంగి ఆటోవాడొకడు, "ఆత్తా, తల్లీ, అడుత్తదు ఎన్నా, తర్వాతది ఏంది చెప్పు ఆత్తా" అని బతిమాలాడు. బీడీ కంపుకు ఆమె కళ్లు మూసుకుంది. కళ్లు మూసింది గనక సున్నా అని కొందరు పోయి సున్నా కొన్నారు. దగ్గితే ఒకటి, రెండుసార్లు దగ్గితే రెండు. ఇంతమంది పెద్దవాళ్లు, పెళ్లిళ్లయినవాళ్లు, ఓట్లు వేసేవాళ్లు, ఒక ముసలామె దగ్గును లెక్కపెడుతూ కూర్చున్నారు.

లోకనాథన్ ఒక కుర్చీ తెప్పించుకుని మంచం పక్కనే వేసుకున్నాడు. వసంతకుమారి ఆయన దగ్గరకు పోయి తమిళంలో నచ్చజెప్పింది. "సార్, చదువుకున్నవారు మీరు. అది మా ఇంటి తెలుగు మాట. ఎట్టు అంటే మీ తమిళంలో ఎప్పిడి అని అర్థం. ఎట్టుండావని కొడుకును అడగతా ఉండాది. నంబరూ కాదు, గింబరూ కాదు."

లోకనాథన్ కళ్లజోడు సర్దుకున్నాడు. అర్జీలో తప్పు దొరికినప్పుడు మొహం ఎలా పెట్టేవాడో ఇప్పుడూ అలాగే పెట్టాడు.

"అమ్మా, మీరు ఆమెను ఆమె భాషలో వింటున్నారు. ఇప్పుడు మాట్లాడుతున్నది ఆమె కాదు కదా. దేవుడు పాండిచ్చేరికొచ్చి తెలుగులో ఎందుకు చెప్తాడు?"

వసంతకుమారి ఆ మొహం కేసి చూసింది. పెన్షన్ దండగ అనుకుంది. వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా తోముకుంది.

కొన్నాళ్లు చూశాక ఆమెకు ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. అత్త ఎవరితో పడితే వాళ్లతో ఆ మాట అనడం లేదు. ఈ గుంపు చుట్టూ మూగినప్పుడు కళ్లు మూసుకుని పడుకుంటుంది. సీతాపతి గడపలో కనపడితేనే కళ్లు తెరుస్తుంది, అప్పుడే ఆ సగం మాట. అన్న తర్వాత కాసేపు అతని మొహాన్నే చూస్తూ ఉంటుంది. జవాబు రాదు. ఎడమ చెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ వెతుక్కుంటుంది. ఆ తర్వాత గంజి పట్టినా మింగదు. రోజు రోజుకూ మింగడం తగ్గిపోతోంది.

ఆ ఇంట్లో ఇక తేలవలసింది ఒకటే. ఆమె పోయేలోగా కొడుకు ఆ మాటకు బదులు చెప్తాడా లేదా.

ఒక మధ్యాహ్నం, గుంపు లేని వేళ చూసి, వసంతకుమారి మొగుడి పక్కన కూర్చుంది. అతను గోడ మీద ఎనిమిదినుంచి మూడుకు గీత గీస్తున్నాడు. తిట్టకూడదని గట్టిగా అనుకుని మొదలుపెట్టింది.

"ఏమయ్యా, నేను నిన్ను ఇంతవరకు ఏమన్నా అడిగినానా? ఒక్కటి అడగతా. మీ అమ్మ పక్కన కూచో. చెయ్యి పట్టుకో. బాగుండానమ్మా అని చెప్పు. అంతే."

"చెప్తాలే."

"చెప్తాలే కాదు. ఇప్పుడు చెప్పు. ఆయమ్మ అడగతా ఉండేది అదేనని నీకు తెలీదా? నీకు కూడా తెలీదా?"

సీతాపతి చేతిలో పెన్సిల్ ఆగింది. మంచం వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, చివరికి తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"తెలుసు వసంతా" అన్నాడు.



"తెలీకేం. మా అమ్మ మాట నాకు తెలీదా? కానీ అది నోట్లోనుంచి వచ్చేటప్పుడు నంబరు కూడా వస్తా ఉండాది కదా. నేను బదులు చెప్పినాననుకో, ఆయమ్మ మనసు నిమ్మళిస్తాది. నిమ్మళిస్తే ఇంక అడగదు." గొంతు తగ్గించాడు. "అడగకపోతే అప్పుడు నంబరు?"

ఇన్నేళ్లూ వసంతకుమారి అతన్ని మొద్దు అనుకుంది. మొద్దుతో కాపురం చేయవచ్చు, ఊళ్లో చాలామంది చేస్తున్నారు. కానీ వీడు మొద్దు కాదు. తల్లి అడిగేది వీడికి అక్షరాలా అర్థమైంది. అర్థమై, ఆ ముసలి ప్రాణం అడుగుతూనే ఉండాలని నోరు కట్టేసుకుని కూర్చున్నాడు. ఆమె లేచి దొడ్డివైపు పోయి చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ క్షణం నుంచి ఆమెకు అతని మీద కోపం కూడా పోయింది. కోపానికి ఎదటివాడు కాస్తయినా మనిషిగా కనపడాలి.

ఆ సాయంకాలం కమలమ్మాళ్ గడప వైపు చూస్తూ "ఎట్టు…" అంది. గడపలో ఎవరూ లేరు, సీతాపతి బస్టాండు దగ్గర ఉన్నాడు. వసంతకుమారి మంచం పక్కన కూర్చుని ఆ ఎడమ చెయ్యి పట్టుకుంది.

"బాగుండాడత్తా. నీ కొడుకు బాగుండాడు. బాగా తింటా ఉండాడు, నిదరపోతా ఉండాడు. నీకు చెప్పమని చెప్పినాడు."

కమలమ్మాళ్ కోడలి మొహంలోకి చూసింది. ఆ కళ్లలో నమ్మకం లేదు. అయినా చెయ్యి విడిపించుకోలేదు. బొటనవేలితో కోడలి గాజును ఒకసారి నిమిరింది. అబద్ధం చెప్పాల్సి వచ్చినందుకు కోడలిని ఓదార్చినట్టుంది.

రెండు మూడు రోజుల తర్వాత, పొద్దుటాట పడే వేళకు ఆమె ప్రాణం పోయింది. పక్కన ఉన్నది కోడలే. కబురు పంపితే సీతాపతి, మారిముత్తు పలక ఎత్తేదాకా ఆగి వచ్చాడు. చొక్కా జేబులో ఎనిమిదో నంబరు టికెట్లు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ ఆటలో నాలుగు పడిందట. అలిగిన నాలుగు అలక మానిన రోజు అది.

శవం ఇంట్లో ఉండగానే లోకనాథన్ వచ్చాడు. తెల్ల చొక్కా, రెండు పెన్నులు. వసంతకుమారిని పక్కకు పిలిచి, గొంతులో దుఃఖం తెచ్చుకుని, "అమ్మా, ఆఖర్న ఏమన్నా చెప్పిందా?" అని అడిగాడు. ఆమె తలుపు మూల ఉన్న చీపురు తీసి నిటారుగా పట్టుకుని ఆయన మొహం ముందు నిలబెట్టింది. ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి వీధిలోకి పోయాడు. నిలబెట్టిన చీపురు ఒకటి అంకెలాగా ఉందని ఆ పూట లోకనాథన్, ఆయన వెంట ఇంకా కొందరు, ఒకటి మీద పెట్టారని తర్వాత తెలిసింది. సిగ్గు అనేది అమ్మకానికి పెడితే ఆ ఊళ్లో టికెట్ కొన్నవాళ్లలో ఒక్కడూ కొనేవాడు కాదు.

కర్మలన్నీ ముగిశాక ఇంటికి సున్నం కొట్టించాలి. చావు జరిగిన ఇంట్లో అది మామూలే. సీతాపతి ఒప్పుకున్నాడు. "ఆ గోడ జోలికి మాత్రం పోవద్దు" అన్నాడు. "అమ్మ చెప్పిన నంబర్లన్నీ ఆడనే ఉండాయి. అమ్మ గ్యాపకం."

వసంతకుమారి కూలివాళ్లను పిలవలేదు. మర్నాడు అతను బస్టాండుకు పోగానే సున్నం బకెట్టులో కలిపింది. అది అతను పనిచేసిన ఫ్యాక్టరీలో తయారైన బకెట్టే. కొంగు నడుముకు దోపుకుని, నేల దగ్గరనుంచి మొదలుపెట్టింది. పిరికి మూడు పోయింది. ఆకలి మీదున్న తొమ్మిది పోయింది. పెళ్లయిన కొత్తలో తెల్లగా చూసిన గోడ చెయ్యి చెయ్యికీ బయటపడుతుంటే, ఆమెకు దుఃఖమూ కాదు సంతోషమూ కాదు, ఒంటికి పట్టిన జిడ్డు వదులుతున్నట్టు హాయిగా ఉంది.

సీతాపతి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. గడపలో చెప్పులు విడవబోయి తల ఎత్తాడు. ఎవరూ పలకరించలేదు. గోడ తడిగా, తెల్లగా మెరుస్తోంది. పైన ఒక మూల మాత్రం ఇంకా నాలుగైదు అంకెలు మిగిలున్నాయి. ఒక చేత్తో గుమ్మం పట్టుకున్నాడు.  పెదవి ఒక పక్కకు జారింది, అచ్చం తల్లికి జారినట్టే.

"ఎట్టు…" అన్నాడు.  "ఇంక నేను ఎట్టు వసంతా? ఎట్టు?"

వసంతకుమారి వెనక్కి తిరిగి అతన్ని చూసింది. చేతిలో కుంచె నుంచి సున్నం బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది.

"ఎనిమిది" అంది. "పోయి కొనుక్కో."

ఆ మాట లోపలికి దిగడానికి కాస్త సేపు పట్టింది. దిగాక సీతాపతి మొహం మారిపోయింది. ఒక మనిషి ప్రాణం పోతుంటే అడిగిన మాటకు అంకె జవాబుగా వస్తే ఎట్టుంటాదో అతనికి తెలిసింది. తూలుతూ పోయి తల్లి మంచం పక్కన చతికిలబడ్డాడు. మంచం మీద పరుపు లేదు, ఉత్త నవారే. నవారు మీద చెయ్యి వేసి, పిల్లవాడిలా వెక్కుతూ అన్నాడు.

"బాగుండానమ్మా. నేను బాగుండానమ్మా."

ఖాళీ మంచానికి చెప్పడం ఎంత సులువు! వసంతకుమారి ఓదార్చలేదు. పైమూల మిగిలిన అంకెల దాకా చెయ్యి అందలేదు. స్టూలు ఆ మూలకు లాక్కుని, దానిమీద ఎక్కి, కుంచె మళ్లీ సున్నంలో ముంచింది.